హై రిస్క్ అన్నారు సరే, వాల్వ్ ఎలా మార్పించాలి? ఓపెన్ సర్జరీ, చిన్న కోత, టావీల మధ్య ఎంపిక

"ఈ వయసులో ఓపెన్ హార్ట్ తట్టుకోలేరండీ, హై రిస్క్. మందులు వాడుతూ ఉండండి."

అమ్మకు 81 ఏళ్లప్పుడు మొదటి ఆస్పత్రిలో మాకు చెప్పింది ఇంతే. పెద్ద డాక్టరు చెప్పాక ఇంకేం అడుగుతాం అనుకుని తలూపి బయటికి వచ్చేశాం. అలా ఎనిమిది నెలలు పోయాయి. ఆ రోజుల్లో అమ్మ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి కళ్లజోడు తీసి తుడుచుకునేది. అద్దాలకు దుమ్ము పట్టిందేమో అనుకున్నాను. ఆయాసం వస్తోందని ఒప్పుకోవడం ఇష్టం లేక ఆగడానికి ఒక సాకు వెతుక్కుంటోందని నాకు తట్టేసరికి, ఆమె మెట్లెక్కడమే మానేసింది.

నేను డాక్టర్ని కాదు. అమ్మ కోసం నెలల తరబడి డాక్టర్ల గదుల్లో కూర్చుని, అడిగి, చదివి తెలుసుకున్నది రాస్తున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్లకు అయోర్టిక్ వాల్వ్ మూసుకుపోతోందని, హై రిస్క్ అని చెప్పి ఉంటే, ముందుగా అడగాల్సింది ఒక్కటే: రిస్క్ దేనివల్ల? వయసు వల్లా, ఊపిరితిత్తుల వల్లా, పాత బైపాస్ వల్లా, ఒంట్లో సత్తువ లేకపోవడం వల్లా? కారణం మారితే సరైన దారి మారిపోతుంది. ఆ మాట మేం మొదటి రోజే అడిగి ఉంటే ఎనిమిది నెలలు మిగిలేవి.

ఆగితే ఏమవుతుంది

గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం వెళ్లే ద్వారం దగ్గర ఉండేది అయోర్టిక్ వాల్వ్. మామూలుగా అది 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకుంటుంది. వయసు మీద పడే కొద్దీ కొందరిలో దాని రెక్కల మీద సున్నం పేరుకుని బిరుసెక్కిపోతాయి. తెరుచుకునే చోటు 1 చదరపు సెంటీమీటరుకు తగ్గితే, లేదా ఎకో స్కాన్‌లో రక్తం వేగం సెకనుకు 4 మీటర్లు దాటితే, లేదా సగటు గ్రేడియంట్ (వాల్వ్‌కు అటూ ఇటూ ఉండే ఒత్తిడి తేడా) 40 ఎంఎం హెచ్‌జీ దాటితే దాన్ని తీవ్రమైన స్టెనోసిస్, అంటే వాల్వ్ బాగా ఇరుకైపోవడం అంటారు. ఎకో రిపోర్టులో ఈ మూడు అంకెలు ఎక్కడున్నాయో చూసుకోండి. గుండె బలహీనపడిపోయినవాళ్లలో మాత్రం గ్రేడియంట్ తక్కువగా కనబడి మోసం చేయవచ్చు. అప్పుడు గుండెను గట్టిగా కొట్టుకునేలా చేసే డోబుటమీన్ మందు ఇచ్చి ఎకో చేస్తారు, లేదా సీటీలో వాల్వ్ మీద సున్నం ఎంత ఉందో లెక్కపెడతారు.

ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఈ మూడింటిలో ఏది మొదలైనా ఇక కాలం మన చేతిలో ఉండదు. పెద్దవాళ్లు ఇవి చెప్పరు. చేసే పనులు తగ్గించుకుంటారు, అడిగితే బాగానే ఉన్నానంటారు. కాబట్టి "ఆయాసం వస్తోందా" అని అడిగే కంటే "పోయిన ఏడాది చేసి ఇప్పుడు మానేసిన పనులేమిటి" అని అడిగితే నిజం బయటపడుతుంది.

ఇంకో మాట. బిరుసెక్కిన వాల్వ్‌ను మళ్లీ మెత్తబరిచే మందు ఇప్పటికీ లేదు. నీరు తీసే మాత్రలు ఆయాసాన్ని కొంత తగ్గిస్తాయి, అంతే. ఓపెన్ సర్జరీకి అసలు పనికిరారని తేల్చిన 358 మంది మీద జరిపిన పార్ట్‌నర్ అనే వైద్య పరిశోధన ఫలితాలు 2010లో వచ్చాయి. మందులతో, అవసరమైతే వాల్వ్‌ను బెలూన్‌తో తాత్కాలికంగా విప్పించుకుని నెట్టుకొచ్చినవాళ్లలో ఏడాదిలోపే నూటికి 51 మంది చనిపోయారు. టావీ, అంటే ఛాతీ తెరవకుండా రక్తనాళం గుండా కొత్త వాల్వ్ పెట్టే పద్ధతి, చేయించుకున్నవాళ్లలో 31 మంది. అంటే ప్రతి ఐదుగురిలో ఒక ప్రాణం ఒక్క ఏడాదిలోనే తేడా. "మందులు వాడుతూ ఉండండి" అన్న మాట వెనకాల ఉన్న బరువు ఇది. అది కూడా ఒక నిర్ణయమే, చాలాసార్లు అన్నిటికంటే రిస్కున్న నిర్ణయం.

'కోత తక్కువ' అనే మాటకు రెండు అర్థాలు

ఇక్కడ చాలామంది పొరబడతారు, మేమూ పడ్డాం. ఆస్పత్రులు "మినిమల్లీ ఇన్వేసివ్ వాల్వ్ రీప్లేస్‌మెంట్" అంటే అది రెండు వేర్వేరు పద్ధతుల్లో ఏదైనా కావచ్చు.

ఒకటి చిన్న కోత సర్జరీ. రొమ్ము ఎముకను మొత్తం చీల్చకుండా పైభాగం వరకే కోస్తారు, లేదా కుడివైపు పక్కటెముకల మధ్య నుంచి వెళ్తారు. నొప్పి, రక్తస్రావం తగ్గుతాయి, మచ్చ చిన్నది. కానీ లోపల జరిగేది ఓపెన్ సర్జరీయే. గుండెను ఆపుతారు, హార్ట్-లంగ్ మెషీన్ మీద పెడతారు, పాత వాల్వ్‌ను కోసి తీసి కొత్తది కుడతారు. కుట్లు పెద్దగా అక్కర్లేని వాల్వ్‌లు వచ్చాక గుండె ఆగి ఉండే సమయం తగ్గింది. అయినా పూర్తి మత్తు, మెషీన్ రెండూ తప్పవు.

రెండోది టావీ. తొడ మొదట్లో ఉన్న రక్తనాళంలోకి గొట్టం పంపి, ముడిచిన వాల్వ్‌ను గుండె దాకా తీసుకెళ్లి, పాత వాల్వ్ లోపలే విప్పుతారు. పాతది ఎక్కడికీ పోదు, కొత్తది దాన్ని గోడకు ఒత్తేసి అందులో కూర్చుంటుంది. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మెషీన్ ఉండదు. చాలాచోట్ల పూర్తి మత్తు కూడా ఇవ్వరు, నిద్రమత్తులో ఉంచి చేసేస్తారు.

ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు చిన్న కోత సర్జరీ అంటే సగం సాయం మాత్రమే, ఎందుకంటే వాళ్లకు ఇబ్బంది తెచ్చేది కోత ఒక్కటే కాదు, వెంటిలేటర్, మెషీన్ కూడా. అందుకని "మినిమల్లీ ఇన్వేసివ్" అన్న మాట వినగానే మీరు అడగాల్సింది: గుండెను ఆపుతారా, ఆపరా?

టావీ మీద హై రిస్క్ రోగుల్లో ఉన్న రుజువు

2002 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని రూవాన్‌లో అలైన్ క్రిబియే అనే డాక్టరు మొదటిసారి మనిషికి ఈ పద్ధతిలో వాల్వ్ పెట్టారు. ఆ రోగి వయసు 57, సర్జన్లు చేతులెత్తేసిన పరిస్థితి. అంటే టావీ పుట్టిందే ఇంకే దారీ లేనివాళ్ల కోసం. తర్వాతే అది సర్జరీతో పోటీకి దిగింది.

2011లో వచ్చిన పార్ట్‌నర్ రెండో భాగంలో సర్జరీ చేయొచ్చు గానీ రిస్క్ బాగా ఎక్కువ అన్న 699 మందిని పోల్చారు. ఏడాదికి టావీ వైపు మరణాలు 24.2 శాతం, సర్జరీ వైపు 26.8. దాదాపు సమానం. 2014లో వేరే రకం వాల్వ్‌తో అమెరికాలో చేసిన పరీక్షలో టావీ వైపు 14.2, సర్జరీ వైపు 19.1. టావీదే పైచేయి.

ఇవి చూసి సంబరపడే ముందు ఐదేళ్ల లెక్క కూడా చూడాలి. ఆ 699 మందిలో ఐదేళ్లు తిరిగేసరికి రెండు వైపులా నూటికి 60 మందికి పైగా లేరు. టావీ 67.8, సర్జరీ 62.4, గణాంకాల ప్రకారం తేడా లేనట్టే. చాలామందిని తీసుకెళ్లినవి వయసు, మిగతా జబ్బులు. వాల్వ్ మారిస్తే వాల్వ్ సమస్య తీరుతుంది, మూత్రపిండాలూ ఊపిరితిత్తులూ కుర్రవాళ్లవి అయిపోవు. ఈ సంగతి డాక్టరు నోటి నుంచి వినాలని నాకు లోపల భయంగానే ఉండేది, కానీ విన్నాకే సరిగ్గా ఆలోచించగలిగాను.

రిస్క్ దేనివల్ల?

సర్జన్లు ఎస్‌టీఎస్ స్కోర్ అని ఒకటి లెక్కకడతారు. సర్జరీ చేస్తే నెల రోజుల్లో ప్రాణాపాయం ఎంత శాతమో అంచనా అది. 4 లోపు తక్కువ, 4 నుంచి 8 మధ్యస్థం, 8 దాటితే ఎక్కువ. మీవాళ్ల స్కోర్ ఎంతో అడిగి రాసుకోండి. అయితే ఈ స్కోర్ కంటికి కనబడే కొన్ని విషయాలను పట్టుకోదు.

మొదటిది ఒంటి పెళుసుతనం. రెండో ఆస్పత్రిలో వరండా నేల మీద 5 మీటర్ల దూరంలో రెండు టేపు ముక్కలు అంటించి ఉన్నాయి. నర్సు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, "మామూలుగా నడవండమ్మా, తొందరేం లేదు" అంది. అమ్మ చేతి సంచి నాకిచ్చి బయల్దేరింది. 7 సెకన్లు. నడిచాక వెనక్కి తిరిగి, "ఇంకోసారి నడవనా, చెప్పు సరిగ్గా తొడుక్కోలేదు" అని అడిగింది. నర్సు సరేనంది. మళ్లీ 7 సెకన్లే. 6 సెకన్లు దాటితే నెమ్మది కింద లెక్క. ఈ పరీక్షతో పాటు తన పనులు తాను చేసుకోగలరా, బరువు తగ్గారా, రక్తంలో ఆల్బుమిన్ ఎంత, జ్ఞాపకశక్తి ఎలా ఉంది అన్నవి చూస్తారు. పెళుసుగా ఉన్నవాళ్లు ఛాతీ కోత నుంచి తేరుకోవడం చాలా కష్టం, వాళ్లకు టావీ వైపు మొగ్గుతారు. మరీ పెళుసైతే టావీ వల్ల కూడా ఉపయోగం ఉండకపోవచ్చు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

రెండోది ఛాతీ చరిత్ర. అమ్మకు 12 ఏళ్ల కింద బైపాస్ అయింది. అప్పుడు ఛాతీ లోపలి రక్తనాళాన్ని గుండెకు కలిపారు, అది రొమ్ము ఎముక వెనకాలే పోతుంది. మళ్లీ ఆ ఎముక తెరిస్తే ఆ నాళం తెగే ప్రమాదం ఉంది. క్యాన్సర్‌కు ఛాతీ మీద రేడియేషన్ తీసుకున్నవాళ్లకూ ఇలాంటి చిక్కే. మరికొందరిలో గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, బృహద్ధమని గోడ మొత్తం సున్నంతో పింగాణీలా గట్టిపడి ఉంటుంది, దానికి క్లాంప్ వేస్తే పెచ్చులు ఊడి మెదడుకు పోతాయి. ఇలాంటి రిస్క్ ఉన్నవాళ్లు నిజానికి టావీకి చక్కగా సరిపోయే మనుషులు. ఒంట్లో సత్తువ బాగానే ఉంటుంది, అడ్డు ఛాతీలోనే, టావీ ఆ ఛాతీని ముట్టుకోదు. అమ్మ విషయంలో మొదటి ఆస్పత్రి "హై రిస్క్" అన్నది ప్రధానంగా ఈ కారణం వల్లే అయినా, ఆ మాట మాకెవరూ విడమరిచి చెప్పలేదు.

మూడోది ఊపిరితిత్తులు. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) తీవ్రంగా ఉంటే సర్జరీ తర్వాత వెంటిలేటర్ నుంచి బయటికి రావడమే గండం. టావీ సులువే, కాకపోతే ఆయాసం వాల్వ్ వల్ల ఎంత, ఊపిరితిత్తుల వల్ల ఎంత అన్నది ముందే తేల్చుకోవాలి. లేదంటే వాల్వ్ మారాక కూడా అదే ఆయాసం మిగిలితే గుండె చెరువవుతుంది.

మూత్రపిండాల బలహీనత రెండు వైపులా తిప్పలు పెడుతుంది. టావీకి ముందు సీటీలో, టావీ సమయంలో కాంట్రాస్ట్ రంగు ఎక్కించాలి, అది కిడ్నీలకు భారం. అటు హార్ట్-లంగ్ మెషీన్ కూడా భారమే. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువుందని టావీ వదిలేయక్కర్లేదు. రంగు తక్కువ వాడతారా, సీటీకీ ప్రొసీజర్‌కూ మధ్య రోజులు ఎడం ఇస్తారా అని అడగండి.

దారి బాగుందా లేదా: సీటీ చెప్పేది

టావీ కావాలని అనుకున్నంత మాత్రాన కాదు, సీటీ ఒప్పుకోవాలి. దాంట్లో మూడు చూస్తారు. వాల్వ్ కూర్చునే గుంట కొలత. గుండెకు రక్తం ఇచ్చే కరొనరీ నాళాల ముఖాలు ఆ గుంటకు ఎంత ఎత్తులో ఉన్నాయన్నది. మరీ దగ్గరగా, అంటే 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే, ఒత్తేసిన పాత రెక్క వాటికి అడ్డం పడొచ్చు. ఇక తొడ నాళం వెడల్పు.

గొట్టాల వెడల్పును ఫ్రెంచ్ అనే కొలతలో చెప్తారు. తొలిరోజుల్లో అవి 22, 24 ఫ్రెంచ్ సైజువి, అంటే 7 నుంచి 8 మిల్లీమీటర్లు. ఇప్పుడు చాలా వాల్వ్‌లు 14 ఫ్రెంచ్‌లో, సుమారు 4.7 మిల్లీమీటర్ల గొట్టంలో పడతాయి. నాళం 5.5 మిల్లీమీటర్ల దాకా ఉండి మరీ వంకరలు, సున్నం లేకపోతే తొడ దారి చాలు. ఐదారేళ్ల కింద దారి సన్నం అన్నవాళ్లకు ఇప్పుడు దారి దొరకవచ్చు, పాత రిపోర్టుతోనే ఆగిపోకండి.

తొడ దారి లేకపోతే భుజం కింది నాళం, మెడ నాళం, లేదా పక్కటెముకల మధ్య కోసి గుండె కొన గుండా వెళ్లే దారి ఉన్నాయి. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. టావీకి ఉన్న మంచి పేరంతా తొడ దారిది. ఛాతీ కోసి వెళ్లే టావీ సర్జరీ కంటే మెరుగని పరీక్షల్లో తేలలేదు. కాబట్టి "టావీయే, కానీ ఛాతీ వైపు నుంచి" అంటే, భుజం లేదా మెడ దారి కుదరదా అని ముందు అడగండి. కుదరదంటే సర్జరీ మాట మళ్లీ బల్ల మీదికి రావాలి.

ఏ రకం వాల్వ్?

టావీలో ప్రధానంగా రెండు రకాలు. బెలూన్ ఉబ్బించి విప్పేవి, వాటిలో సేపియన్ పేరు ఎక్కువ వినబడుతుంది. గొట్టం వెనక్కి లాగగానే తమంతట తామే విచ్చుకునేవి, వాటిలో ఎవొల్యూట్. రెండింట్లోనూ రెక్కలు పశువు గుండె చుట్టూ ఉండే పొరతో చేసినవే: సేపియన్‌లో ఎద్దుది, ఎవొల్యూట్‌లో పందిది. ఇది పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఏది పెట్టాలన్నది డాక్టరు చేయి తిరిగిన రకాన్ని బట్టి, సీటీని బట్టి ఉంటుంది. మనం గట్టిగా పట్టుబట్టాల్సిన చోటు కాదిది, కానీ తేడాలు తెలిసి ఉండాలి. గుంట చిన్నగా ఉన్నవాళ్లకు, వీళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, తానే విచ్చుకునే రకంలో రక్తం పోయే చోటు విశాలంగా దొరుకుతుంది. 2024లో వచ్చిన స్మార్ట్ పరీక్షలో ఇది స్పష్టంగా కనబడింది, ఏడాది నాటికి మరణాలు, పక్షవాతం లాంటి వాటిలో మాత్రం పెద్ద తేడా లేదు. గుంట కింద సున్నం గడ్డలుగా ఉంటే బెలూన్ ఒత్తిడికి అక్కడ చిట్లే ప్రమాదం ఉంది, అరుదే గానీ ప్రాణాంతకం. తానే విచ్చుకునే రకాన్ని సరిగ్గా కూర్చోకపోతే వెనక్కి మడిచి మళ్లీ పెట్టుకోవచ్చు. అయితే దాని చట్రం పొడుగు, రేపు కరొనరీలో స్టెంట్ అవసరమైతే దాని వెనక్కి చేరడం కష్టమవుతుంది. కరొనరీల్లో బ్లాకులు ముందే ఉన్నవాళ్లు ఈ ప్రశ్న తప్పక అడగాలి.

అసలు తేడా పేస్‌మేకర్ (గుండె వేగాన్ని నిలబెట్టే చిన్న యంత్రం) దగ్గర. వాల్వ్ కూర్చునే చోటికి ఆనుకునే గుండె కరెంటు తీగలాంటి కణజాలం ఉంటుంది, దాన్ని చట్రం నొక్కితే గుండె వేగం పడిపోతుంది. 2014 నాటి పరీక్షలో తానే విచ్చుకునే వాల్వ్ పెట్టినవాళ్లలో నెలలోపు నూటికి 20 మందికి పేస్‌మేకర్ పడింది, సర్జరీలో 7 మందికి. బెలూన్ రకంలో తక్కువ. కొత్త మోడళ్లు, వాల్వ్‌ను కాస్త పైకి పెట్టే మెళకువలు వచ్చాక ఇది తగ్గింది. ముందే ఈసీజీలో రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్, అంటే గుండె కుడివైపు కరెంటు దారిలో అడ్డు ఉంటే అవకాశం బాగా పెరుగుతుంది. అమ్మకు అది ఉంది. "పేస్‌మేకర్ పడొచ్చు, పడితే కంగారు పడొద్దు" అని డాక్టరు ముందే చెప్పారు. టావీ అయిన మూడో రోజు పడింది. ముందే తెలియడం వల్ల ఆ రోజు మాకు టెన్షన్ సగమే.

టావీలో పోగొట్టుకునేవి

సర్జరీలో పాతది తీసి కొత్తది కుడతారు కాబట్టి అంచుల వెంట కారడం తక్కువ. టావీలో సున్నం గడ్డల పక్కన సందులుంటే రక్తం వెనక్కి కారుతుంది. తొలి వాల్వ్‌లలో ఇది పెద్ద సమస్య, ఇప్పటివాటికి బయట లంగాలా బట్ట చుట్టి ఉంటుంది, అందుకే బాగా తగ్గింది. ప్రొసీజర్ తర్వాత ఎకోలో లీక్ 'మోడరేట్' అని రాసి ఉంటే మాత్రం ఊరుకోకండి.

పక్షవాతం భయం రెండింట్లోనూ ఉంది. 2011 పరీక్షలో టావీ వైపే ఎక్కువ కనబడింది, తర్వాతి తరం పరికరాలతో తగ్గింది. మెదడుకు పోయే నాళాల్లో జల్లెడలాంటి ఫిల్టర్ పెట్టే పద్ధతి ఉంది. 3,000 మంది మీద 2022లో వచ్చిన పరీక్షలో పక్షవాతం వచ్చింది ఫిల్టర్ పెడితే 2.3 శాతం మందికి, పెట్టకపోతే 2.9 శాతం మందికి, ధీమాగా చెప్పగల తేడా కాదు. మీ ఆస్పత్రిలో ఫిల్టర్ లేదని నిద్ర చెడగొట్టుకోకండి.

తొడ నాళం చిరగడం, రక్తస్రావం టావీకి ప్రత్యేకం. సర్జరీలో మెషీన్ వల్ల గుండె లయ తప్పడం, రక్తం ఎక్కించాల్సి రావడం, ఇన్ఫెక్షన్ ఎక్కువ.

తేరుకోవడంలో తేడా మాత్రం నింగికీ నేలకూ ఉన్నంత. తొడ దారి టావీ సాఫీగా జరిగితే మర్నాడు నడిపిస్తారు, రెండు మూడు రోజుల్లో ఇంటికి. ఛాతీ మొత్తం తెరిచిన సర్జరీకి వారం పైన ఆస్పత్రి, ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు. 80 దాటినవాళ్లు మంచం మీద గడిపే ప్రతి వారం కాళ్లలో సత్తువను తినేస్తుంది, కొందరిలో అది తిరిగి రాదు.

వాల్వ్ ఎన్నేళ్లు వస్తుందన్నది అందరూ అడిగే ప్రశ్న. 80 దాటి హై రిస్క్ ఉన్నవాళ్లకు ఇది పెద్ద లెక్కలోది కాదు. హై రిస్క్ ఉన్నా వయసు తక్కువైతే, ఉదాహరణకు చిన్నప్పుడు రేడియేషన్ తీసుకుని ఇప్పుడు 58 ఉన్నవాళ్లకు, ఇది అసలైన ప్రశ్న అవుతుంది. మొదటి వాల్వ్ పాడైతే అందులో రెండోది పడుతుందా, అప్పుడు కరొనరీలకు దారి మిగులుతుందా అని ముందే ప్లాన్ చేయించుకోవాలి.

టావీ వద్దు అనాల్సిన చోట్లు

వాల్వ్‌కు ఇన్ఫెక్షన్ ఉంటే టావీ పెట్టరు. సున్నం లేకుండా కేవలం లీక్ మాత్రమే ఉన్న వాల్వ్‌లో మామూలు టావీ వాల్వ్‌కు పట్టు దొరకదు. పుట్టుకతో రెండే రెక్కలుండి, బృహద్ధమని కూడా ఉబ్బి ఉంటే సర్జరీయే మేలు. వాల్వ్‌తో పాటు మూడు నాళాల్లో బ్లాకులు, మరో వాల్వ్ కూడా పాడవడం లాంటివి ఉంటే ఒకేసారి సర్జరీలో అన్నీ సరిచేసే వీలు టావీకి లేదు. రిస్క్ ఎక్కువైనా సర్జన్ అభిప్రాయం తప్పకుండా తీసుకోవాల్సిన సందర్భాలివి. గుండెలోని మరో వాల్వ్, మైట్రల్ వాల్వ్ లీక్ వేరే కథ. దానికి క్లిప్ పద్ధతి ఉంది, ఇక్కడ రాసినవి దానికి వర్తించవు.

ఇక ఏదీ చేయకూడని సందర్భం. వాల్వ్ బాగుచేసినా ఏడాది మించి బతికే ఆశ లేని క్యాన్సర్, మనుషుల్ని గుర్తుపట్టలేని డిమెన్షియా, మంచానికే పరిమితమైన ఒళ్లు. అలాంటప్పుడు ఆయాసం తగ్గించే మందులు, నొప్పి లేకుండా చూసే వైద్యం మీద దృష్టి పెట్టడం ప్రేమ లేకపోవడం కాదు. ఎవరి కోసం చేయిస్తున్నాం, ఆవిడ కోసమా మన మనశ్శాంతి కోసమా అని ఇంట్లోవాళ్లు కూర్చుని మాట్లాడుకోవాలి. వీలైతే రోగినే అడగాలి. "వాల్వ్ మారాక ఏం చేయాలనుంది?" అని డాక్టరు అమ్మను అడిగితే, "మేడ మీదికి నా కాళ్లతో నేను ఎక్కాలి" అంది. టావీ తీర్చగల కోరిక అది.

బెలూన్‌తో వాల్వ్‌ను విప్పడం ఒకటి మధ్యలో ఉంది. ఆరునెలల నుంచి ఏడాదిలో మళ్లీ మూసుకుపోతుంది, దాన్ని పూర్తి వైద్యంగా ఒప్పుకోకండి. బీపీ పడిపోయి ప్రాణం మీదికి వచ్చినప్పుడో, తుంటి ఎముక ఆపరేషన్ లాంటిది వెంటనే కావాల్సినప్పుడో, ఆయాసం వాల్వ్ వల్లేనా అని తేల్చుకోవడానికో వంతెనలా పనికొస్తుంది.

నేనైతే ఎలా తేలుస్తాను

80 దాటి, తొడ దారి బాగుంటే, వేరే పెద్ద రిపేర్లు లేకపోతే టావీ. పాత బైపాస్, రేడియేషన్, పింగాణీ బృహద్ధమని ఉంటే వయసు కాస్త తక్కువైనా టావీ వైపే. తొడ దారి లేకపోయినా ఒంట్లో సత్తువ ఉంటే, చిన్న కోత సర్జరీ చేసే అనుభవమున్న సర్జన్‌ను కలవకుండా నిర్ణయం తీసుకోను. కార్డియాలజిస్ట్ ఒక్కరే చెబితే టావీ అంటారు, సర్జన్ ఒక్కరే చెబితే సర్జరీ అంటారు అని నేను అనను, మంచివాళ్లు అలా చేయరు. కానీ ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని మీ సీటీ చూసిన ఆస్పత్రినే ఎంచుకోండి. ఏటా ఎన్ని టావీలు చేస్తారు, పేస్‌మేకర్ ఎందరికి పడుతోంది, ఏదైనా తేడా వస్తే సర్జన్ ఆ క్షణంలో భవనంలోనే ఉంటారా అని అడగడానికి మొహమాటపడకండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోటు మనకు వద్దు.

ప్రొసీజర్‌కు ముందు పళ్ల డాక్టరుకు చూపించండి, చిగుళ్ల ఇన్ఫెక్షన్ కొత్త వాల్వ్‌కు పాకే ప్రమాదముంది. తర్వాత కూడా పన్ను పీకించాలన్నా, శుభ్రం చేయించాలన్నా ముందుగా యాంటీబయాటిక్ వేసుకోవాలి. రక్తం పలచబరిచే మందుల్లో, వేరే కారణం లేకపోతే చాలామందికి ఆస్పిరిన్ ఒక్కటే చాలు. ఆస్పిరిన్‌కు అలాంటిదే మరో మందు కలిపి వాడితే రక్తస్రావం పెరుగుతుందని 2020లో వచ్చిన పరీక్ష చూపింది. గుండె లయ తప్పినవాళ్లకు మందు వేరు. నెలకొకసారి కాదు గానీ, మొదటి నెల తర్వాత ఒకటి, ఆపై ఏటా ఒకటి ఎకో తప్పనిసరి.

ఇంటికి పంపేటప్పుడు ఒక చిన్న కార్డు ఇస్తారు. వాల్వ్ పేరు, సైజు, పెట్టిన తేదీ దాని మీద ఉంటాయి. ఎమ్మారై తీయాల్సి వచ్చినా, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అదే అడుగుతారు. పేస్‌మేకర్ కార్డు, ఈ కార్డు రెండూ కలిపి అమ్మ కళ్లజోడు పెట్టెలో ఉంటాయి.